ఏకై వచ్చింది

ఆదోనిలో నాలుగు వీధుల పరుపులు
నా దబ్బనం కుట్టినవే.
ఎవురు పండుకుంటే యాడ గుంత పడతాదో
దుప్పటి తీయకుండానే చెప్తా.
అట్లాంటోన్ని
పోయిన మిరపకాయల కాలంలో
నా పరుపులో నేనే గుంత పడి
నలభై దినాలు లేవలా.

ఏకై వచ్చింది.
బరువే లేదు దానికి.
ఒక మాపటేల రెప్పల మీద వాలితే
అలుపులే అనుకుంటి.
మేకై కూచునె.

ఏడుపు కాదు. ఏడుపొచ్చినా బాగుండు.
హుసేనమ్మ ఉగ్గాని కలిపి
నోటికాడికి తెచ్చేది.
బొరుగులు నోట్లో తడిసిన దూది లెక్క.
మాబున్ని పరీక్ష మార్కులు చెప్తే
రైల్వే గేటు అవతల
ఇంకెవురో ఇంకెవురికో చెప్తున్నట్టు వినపడె.

తాయెత్తు కట్టిరి.
ఎండుమిరపకాయలతో దిష్టి తీసిరి,
నాకు దగ్గు కూడా రాలా.
"పనిలో పడితే అదే పోతాది" అనె మాయన్న.
గోడకు యాలాడే విల్లు నాకల్లే చూస్తా ఉండె.
దాన్ని అందుకునే చెయ్యి
నాది కాకుండా పాయె.

ఒక మొబ్బులో హుసేనమ్మ లేసి కూచొని
చీటీ దుడ్లు అడిగినంత నేరుగా అడిగె:
"సచ్చిపోవాలని ఉండాదా నీకు?"
ఊ, అంటి.
అరవలా. నెత్తి కొట్టుకోలా.
నా అరికాలు తన ఒళ్లో పెట్టుకొని
తెల్లారేదాకా గమ్మున కూచునె.
ఆమె అడిగినందుకే
లోపల యాడో ఒక కుట్టు తెగినట్టాయె.

యెమ్మిగనూరు, కోడుమూరు,
కిటికీ పక్క ఎర్రనేల, నల్లనేల,
కర్నూలు పెద్దాసుపత్రి.
చీటీ పట్టుకొని వరసలో నిలబడితే
నా ముందర ఒక పోలీసాయన,
ఆయన ముందర బ్యాంకులో పనిచేసే అమ్మ.
"నీకూనా?" అన్నట్టు చూసె పోలీసాయన.
లాఠీ ఉన్నోన్ని కూడా కొడతాదా ఇది!

డాక్టరమ్మ మాబున్ని కంటే
నాలుగేండ్లు పెద్దదుంటాదేమో.
"పరుపు గడ్డలు కడితే ఏం చేస్తావు పెద్దాయనా?"
విప్పుతా. ఎండేస్తా. ఏకుతా.
"దాన్ని తిడతావా?"
నవ్వు రాలా గానీ
నవ్వు ఉండే చోటు యాదికొచ్చె.
"ఇది జబ్బు. నీ తప్పు గాదు.
మాత్ర మూడు వారాలకు గానీ పట్టదు.
బాగైందని నీకు నువ్వే మానొద్దు."

మొదటి వారం నోరెండె. రెండోవారం ఏమీ లేదు.
పంతొమ్మిదో దినం
ఉగ్గానిలో పచ్చిమిరపకాయ కొరికితే
కారం!
కండ్లల్లో నీళ్లు. హుసేనమ్మ బెదిరిపాయె.
ఇంకోటి పెట్టు, అంటి.

ఆ వారమే ఒక దిండు కుట్టినా.
ఒకే దిండు, పొద్దు మునిగేదాకా.

అంతా అయిపాయె అనుకోవద్దండి.
పీర్ల పండగనాటికి శానా బాగుండానని
మాత్రలు అటక మీదికి ఇసిరేస్తి.
ముసురు పట్టిన దినాల్లో
దూది చెమ్మ పీల్చినట్టు
అదే గుంత, అదే గోడ.
మళ్ళా యెమ్మిగనూరు, మళ్ళా కోడుమూరు.
డాక్టరమ్మ తిట్టలా.
నెలకొకతూరి ఇప్పటికీ పోతా.
సంచిలో ఆమెకు రెండు చిన్న దిండ్లు కూడా.

నిన్న గుడిసెల వీధి నుంచి ఒకమ్మ పరుపు తెచ్చె,
వెంట ఇరవై ఏండ్ల కొడుకు.
పరుపుకు ఒకే పక్క గుంత,
గోడకల్లే తిరిగి పండుకున్న గుంత.
"వానికి నిద్ర ఎక్కువ నాయనా, సోమరి" అనె.
నేను పరుపును చూసినా.
పిల్లోన్ని చూసినా.
ఎన్ని దినాలాయె నాయనా, అంటి.
వాడు నేలకల్లే చూసె.

గడ్డలు విప్పి వాకిట్లో ఎండకు పోసి
వాని పక్కనే కూచుంటి.
మాటల్లేవు.
మధ్యానం గాలికి రవంత దూది లేసె.
పిల్లోడు
తల ఎత్తి
అది యాడికి పోతాదా అని చూసె.